బస్తాలు మోసేవాళ్ల చొక్కాలకు ఏ గుడ్డ? ఊది చూస్తే కాటన్ కంటే టెర్రీకాటన్‌లోంచే గాలి బాగా పోతోంది, ఎందుకు?

గోడౌన్_కాకినాడ

అందరికీ నమస్కారమండి. కాకినాడ దగ్గర బియ్యం గోడౌన్. 24 మంది హమాలీలు, నలుగురు కాటా గుమస్తాలు. మనిషికి మూడు చొప్పున 84 హాఫ్ చేతుల చొక్కాలు ఏప్రిల్ మొదటివారానికి కుట్టించాలి. పైన రేకులు, బయట ఉప్పుగాలి. ఎండలు ముదిరాక పొద్దున పదింటికే చొక్కా పిండితే నీళ్లు కారతాయి. బస్తా 50 కిలోలు, భుజం మీద మోత, కొక్కేలతో లాగుడు. గుమస్తాలకైతే ఫ్యాను కింద కుర్చీ పని.

మూడు శాంపిళ్లు వచ్చాయి. ఒకటోది 100 శాతం కాటన్ పాప్లిన్, 40 బై 40, 133 బై 72. రెండోది టెర్రీకాటన్, 65 పాలిస్టర్ 35 కాటన్, 45 బై 45, 110 బై 76. మూడోది డ్రై ఫిట్ టీషర్టు గుడ్డ, మొత్తం పాలిస్టర్ అల్లిక, 140 జీఎస్ఎం (చదరపు మీటరుకు గ్రాములు).

గుడ్డను నోటికి గట్టిగా ఆనించి, జానెడు దూరంలో కొవ్వొత్తి పెట్టి ఊదితే టెర్రీకాటన్ తేలిగ్గా గాలి వదిలింది. డ్రై ఫిట్ ఇంకా తేలిగ్గా వదిలింది. పాప్లిన్‌లోంచి ఊదడానికి బుగ్గలు నొప్పెట్టాయి. తర్వాత నీటిచుక్క వేసి చూస్తే పాప్లిన్ మీద చుక్క ముత్యంలా నిలబడి చాలాసేపటికి ఇంకింది, డ్రై ఫిట్ మీద వేసీ వేయగానే పాకిపోయింది. కాటన్ గాలాడుతుంది, పాలిస్టర్ ఉక్కపోస్తుంది అని కదా అందరూ చెప్పేది. శాంపిళ్లు తారుమారయ్యాయా? లేక పరీక్షలోనే తప్పుందా?

పడుగూపేకా

తారుమారు కాలేదు, మీ పరీక్షా తప్పు కాదు. మీరు ఇచ్చిన అంకెల్లోనే జవాబు ఉంది. 40 బై 40 అంటే పడుగు (నిలువు దారం), పేక (అడ్డ దారం) కౌంట్లు, కౌంటు పెరిగేకొద్దీ దారం సన్నం. 133 బై 72 అంటే అంగుళంలో ఉన్న పడుగు, పేక దారాల సంఖ్య.

గాలి పోగులోంచి పోదు, పోగుల మధ్య సందులోంచి పోతుంది. ఆ సందు ఎంతో కాగితం మీదే లెక్క కట్టవచ్చు. కాటన్ దారం కౌంటుకు వర్గమూలం తీసి 28తో గుణించండి. అంగుళంలో పక్కపక్కనే ఆనించి ఎన్ని దారాలు పడతాయో ఉజ్జాయింపుగా తెలుస్తుంది. 40 కౌంటుకు 177. మీ పాప్లిన్ పడుగులో 133 దారాలున్నాయి, అంటే పడుగే 75 శాతం మూసేసింది. పేకలో 72, అది 41 శాతం మూస్తుంది. పడుగు వదిలిన 25 శాతంలో పేక మరో 10 తినేస్తే చివరికి తెరిచి ఉన్నది 15 శాతం.

అదే లెక్క టెర్రీకాటన్‌కు కట్టండి. 45 కౌంటుకు 188 దారాలు పడతాయి. 110 ఉంటే పడుగు మూత 59, పేక మూత 40. తెరిచి ఉన్నది సుమారు 25 శాతం. పోగు పాలిస్టరైనా సందు పెద్దది కాబట్టి మీ ఊపిరి తేలిగ్గా పోయింది. ఇందులో కాటన్ గుణమూ లేదు, పాలిస్టర్ గుణమూ లేదు, నేత గుణం ఉంది.

ఇప్పుడు పోలిక కోసం 60 బై 60, 92 బై 88 కేంబ్రిక్ అనే పలుచటి గుడ్డ లెక్క చూడండి. ఇదీ నూటికి నూరు కాటనే. 60 కౌంటుకు 217 దారాలు. పడుగు మూత 42, పేక మూత 41, తెరిచి ఉన్నది 34 శాతం. మీ పాప్లిన్‌కు రెట్టింపు దాటింది. కొట్లో రెండు తానులకూ "ప్యూర్ కాటన్" అనే చెబుతారు. వేసుకుంటే మాత్రం పోలిక ఉండదు.

కాటన్‌ను ఎంత బిగించి నేయవచ్చో తెలియాలంటే వెంటైల్ అనే గుడ్డను చూడాలి. రెండో ప్రపంచ యుద్ధంలో చల్లటి సముద్రంలో పడిన బ్రిటిష్ పైలట్లు తడిసి గడ్డకట్టి చనిపోకుండా తయారుచేసిన గుడ్డ అది. పూర్తిగా కాటన్. పొడిగా ఉన్నప్పుడు ఆవిరి వదులుతుంది, నీళ్లు తగలగానే పోగులు ఉబ్బి సందులు మూసుకుంటాయి. ఇదే మీ పాప్లిన్‌లోనూ కొంత జరుగుతుంది. కాటన్ పోగు తడిస్తే పొడవు పెద్దగా పెరగదు, అడ్డంగా లావెక్కుతుంది. పొడిగా ఉన్నప్పుడే 15 శాతం సందు ఉన్న గుడ్డ చెమటకు తడిస్తే ఏమవుతుందో ఊహించండి. వీపుకు అతుక్కుని ఆయిల్ క్లాత్‌లా కూర్చుంటుంది.

ఇక నీటిచుక్క. కొత్త కాటన్ మీద నేతలో పెట్టిన గంజి కొంత మిగిలి ఉంటుంది, పైన మెత్తదనం కోసం సిలికాన్ లాంటి ఫినిషింగ్ పూస్తారు. చుక్క నిలబడింది కాటన్ మీద కాదు, ఆ పూత మీద. శాంపిల్‌ను వేడినీళ్లలో డిటర్జెంట్ వేసి రెండుసార్లు ఉతికి, ఆరాక మళ్లీ చుక్క వేయండి, పూత దిగిపోతే వెంటనే పీల్చుకుంటుంది. డ్రై ఫిట్‌ది దీనికి తిరగబడిన కథ. పాలిస్టర్‌కు నీరంటే పడదు. చుక్క పాకడానికి రెండు కారణాల్లో ఒకటి ఉండాలి: పోగుకు పొడవునా గాడులు పెట్టి తయారుచేశారు, లేదా నీటిని లాగే రసాయనం పూశారు. మొదటిది గుడ్డ చిరిగేదాకా ఉంటుంది. రెండోది ఉతుకులతో పాటు కారిపోతుంది. దాన్ని పదిసార్లు ఉతికి చుక్క వేయండి. అప్పుడు కూడా పాకితేనే డబ్బు పెట్టాలి.

రామగుండం_ఎండ

పడుగూపేకా గారి సందుల లెక్కతో పూర్తిగా ఏకీభవిస్తాను. కాకపోతే పోగుకు అసలు పాత్రే లేదనుకోకండి. "గాలాడటం" అన్న ఒక్క మాటలో మనం మూడు పనులు కలిపేస్తున్నాం. గాలి దూరడం ఒకటి. ఒంటినుంచి వచ్చే ఆవిరి బయటికి పోవడం రెండు. నీరుగా మారిన చెమటను గుడ్డ పీల్చి, పరిచి, ఆరబెట్టడం మూడు. మొదటి రెండింటికీ ప్రధాన దారి సందులే. పోగు తేడా మూడోదాంట్లో బయటపడుతుంది.

నమ్మకం కుదరకపోతే ఇంట్లోనే తేల్చుకోవచ్చు. ఒకే కొలత స్టీలు గ్లాసులు ఐదు తీసుకుని ఒక్కోదాంట్లో 150 మిల్లీలీటర్ల నీళ్లు పోయండి. మూడింటికి మీ మూడు శాంపిళ్లు, నాలుగోదానికి రెయిన్‌కోటు ముక్క రబ్బరు బ్యాండుతో బిగించండి. ఐదోది తెరిచి ఉంచండి. తూకం రాసుకుని ఫ్యాను తగలని చోట 24 గంటలు వదిలేసి మళ్లీ తూచండి. రెయిన్‌కోటు గ్లాసు బరువు దాదాపు కదలదు. మిగతా మూడు గుడ్డల మధ్య తేడా మాత్రం మీరు అనుకున్నంత ఉండదు. గుడ్డ పక్కన నిలబడిపోయిన గాలి పొరే ఆవిరికి పెద్ద అడ్డం, పలుచటి గుడ్డ దానిముందు చిన్న అడ్డం. కాబట్టి ఆవిరి విషయంలో కాటన్, పాలిస్టర్ గొడవ అవసరం లేదు.

పీల్చుకోవడంలో తేడా చాలా పెద్దది. ప్రామాణిక పరిస్థితిలో, అంటే గాలిలో తేమ 65 శాతం ఉన్నప్పుడు, కాటన్ తన బరువులో దాదాపు 8.5 శాతం తేమను పోగులోపలే దాచుకుంటుంది. లినెన్ 12, విస్కోస్ రేయాన్ (కలప గుజ్జుతో చేసే పోగు) 11 నుంచి 13, పట్టు 11, ఉన్ని 16 దాకా. నైలాన్ 4 చిల్లర. పాలిస్టర్ 0.4. చొక్కా బరువు 200 గ్రాములనుకుంటే కాటన్‌లో 17 గ్రాములు, మీ టెర్రీకాటన్‌లో 6 గ్రాముల పైచిలుకు, పాలిస్టర్‌లో గ్రాము కూడా లేదు. కాటన్‌లో ఆ 17 గ్రాములు దాగినా చేతికి తడి తెలియదు.

ఈ 17 గ్రాములు ఎవరికి పనికొస్తాయన్నది అసలు ప్రశ్న. ఫ్యాను కింద కూర్చున్న గుమస్తాకు బ్రహ్మాండంగా పనికొస్తాయి. ఆయనకు పట్టేది కొద్దికొద్ది చెమట, కాటన్ దాన్ని తాగుతుంది, గాలికి వదులుతుంది, ఒళ్లు పొడిగా ఉంటుంది. అదే చోట పాలిస్టర్ తొడిగితే ఆ కొద్ది చెమట వెళ్లడానికి చోటులేక చర్మానికీ గుడ్డకీ మధ్య జిడ్డుగా నిలబడుతుంది. జనం "పాలిస్టర్ ఉక్క" అనేది దీన్నే, ఆ మాటలో తప్పులేదు. హమాలీ సంగతి వేరు. బరువు పనిలో గంటకు లీటరు దాకా చెమట పట్టవచ్చు. ఆ 17 గ్రాములు నిమిషాల్లో నిండిపోతాయి. ఆ తర్వాత కాటన్ పోగుల మధ్య సందుల్లో కూడా నీళ్లు పట్టి చొక్కా బరువెక్కుతుంది, గాలి దారి మూసుకుంటుంది. ఈ దశలో పలుచటి జాలీ అల్లిక పాలిస్టరే నయం. అది నీటిని తాగదు, పరుస్తుంది, త్వరగా ఆరుతుంది.

ఇంకొకటి. గ్రాము చెమట ఆవిరైతే ఒంటినుంచి 580 కేలరీల (0.58 కిలోకేలరీ) వేడి పోతుంది. కారి నేలమీద పడ్డ చెమట చల్లబరచదు. రామగుండం లాంటి పొడి ఎండలో తడిపిన తువ్వాలు మెడకు చుట్టుకుంటే హాయిగా ఉండేది గాలి పొడిగా ఉండి ఆవిరిని లాగేస్తుంది కాబట్టి. అక్కడ తడి పట్టి ఉంచే కాటనే మేలు. కాకినాడ గాలిలో అప్పటికే తేమ నిండి ఉంది, తడిసిన కాటన్ తడిగానే ఉండిపోతుంది. ఒకే గుడ్డకు రెండు ఊళ్లలో రెండు రకాల పేరు రావడానికి కారణం ఇదే.

అందుకే నా సలహా: హమాలీలకు డ్రై ఫిట్, గుమస్తాలకు పలుచటి కాటన్.

పడుగూపేకా

చెమట లెక్క బాగుంది, ముగింపు దగ్గరే ఒప్పుకోలేను. మైదానంలో ఆడేవాళ్లకైతే డ్రై ఫిట్ సరే. ఇక్కడ కొక్కేలున్నాయి, గోనెలున్నాయి. అల్లిక గుడ్డ అంటే ఒకే దారం ఉచ్చులు ఉచ్చులుగా తిరిగింది. గోనె పీచుకో కొక్కెం మొనకో ఒక్క ఉచ్చు తగులుకుంటే జానెడు దారం బయటికి వస్తుంది, చుట్టుపక్కల గుడ్డ ముడుచుకుపోతుంది. వారంలో భుజాలు బొచ్చు లేస్తాయి. నేసిన గుడ్డలో ఆ బాధ చాలా తక్కువ.

వాసన రెండోది. ఒంటి జిడ్డు పాలిస్టర్‌ను పట్టుకున్నట్టు కాటన్‌ను పట్టుకోదు, చెమట వాసన పుట్టించే సూక్ష్మజీవులు పాలిస్టర్ మీద ఎక్కువ పెరుగుతాయి. ఉతికి ఆరేసిన చొక్కా కూడా ఒంటి వేడి తగలగానే మళ్లీ కంపు కొడుతుంది. గోడౌన్‌లో ఎప్పుడైనా వెల్డింగ్ పని పడితే ఇంకో ప్రమాదం: కాటన్ మీద నిప్పురవ్వ పడితే కాలి బొక్క పడుతుంది, పాలిస్టర్ కరిగి చర్మానికి అతుక్కుంటుంది. వెల్డర్ దగ్గర సాయం పట్టేవాళ్లకు పాలిస్టర్ చొక్కా వద్దే వద్దు.

కేంబ్రిక్ కూడా వద్దంటాను. 34 శాతం సందు ఉన్నా 75 జీఎస్ఎం గుడ్డ బస్తా రాపిడికి నెలన్నర ఆగదు, తెల్లదైతే ఒళ్లు కనబడుతుంది. మధ్యే మార్గం ఉంది. అదే 40 బై 40 దారం, కానీ 133 బై 72 బదులు 92 బై 80. పడుగు మూత 52, పేక మూత 45, తెరిచి ఉన్నది 26 శాతం. బరువు 105 జీఎస్ఎం చుట్టుపక్కల. టెర్రీకాటన్ అంత సందు, కాటన్ పీల్పు, పడుగూ పేకా దాదాపు సమానం కాబట్టి చిరుగుడు కూడా ఒకవైపే మొదలవదు. వ్యాపారిని "పాప్లిన్ కాదు, రెండువైపులా దగ్గర దగ్గర అంకెలున్న ప్లెయిన్ నేత" అని అడగండి.

చేనేత గురించి ఎవరో ఒకరు అడుగుతారు కాబట్టి: మంగళగిరి 80 కౌంటు గుడ్డ, పొందూరు ఖద్దరు ఈ వాతావరణానికి పుట్టినట్టే ఉంటాయి. ఖద్దరులో చేత్తో వడికిన నూలు ఒకచోట లావు ఒకచోట సన్నం కాబట్టి గుడ్డ చర్మానికి పూర్తిగా ఆనదు, ఆ చిన్న ఎత్తుపల్లాల్లో గాలి తిరుగుతుంది. గుమస్తాల 12 చొక్కాలకు నిరభ్యంతరంగా తీసుకోవచ్చు. బస్తాల కింద వేసి వాటిని పాడుచేయకండి.

గోడౌన్_కాకినాడ

చాలా స్పష్టంగా చెప్పారండి, ఇద్దరికీ కృతజ్ఞతలు. 92 బై 80 కోసం వాకబు చేస్తాను. రెండు సందేహాలు. వీపు మీద కంపెనీ పేరు అడ్డంగా పది అంగుళాల పొడవు, నాలుగు అంగుళాల ఎత్తు రబ్బరు ప్రింటు వేయించాలని యజమాని గారి మాట. భుజం చిరగకుండా వీపు పైభాగమంతా రెండు పొరలు వేద్దామని టైలరు అంటున్నాడు. ఈ రెండిటితో గాలికి నష్టం ఉంటుందా?

కత్తెర_గుంటూరు

చాలా నష్టం బాబూ. గుడ్డ ఎంచుకోవడంలో సంపాదించినదంతా ఆ రెండిటితో పోతుంది.

రబ్బరు ప్రింటు అంటే ప్లాస్టిక్ పొర. మనిషి ఒంట్లో బాగా చెమట పట్టే చోట్లలో వీపు మధ్యభాగం ఒకటి. సరిగ్గా అక్కడ నలభై చదరపు అంగుళాలు మూసేస్తున్నారు. అక్షరాల మధ్య ఖాళీ ఉన్నా, వాటి చుట్టూ బోర్డరు గీత, కింద రంగు పట్టీ ఉంటే మొత్తం పలకే. బస్తా రాపిడికి ఆ రబ్బరు పొరలు పొరలుగా లేస్తుంది కూడా. పేరు జేబు మీద దారంతో కుట్టించండి, మూడు అంగుళాలు చాలు. వీపు మీద ఉండి తీరాలంటే రంగు పోగులోకి ఇంకే ప్రింటు అడగండి. చేత్తో తడిమితే ప్రింటు ఉన్నదీ లేనిదీ తేడా తెలియకూడదు, అదే గుర్తు.

భుజానికి రెండో పొర కావాలి, కాదనను. కానీ బస్తా ఆనేది భుజం మీద, వీపంతా కాదు. మెడ పక్కనుంచి చేయి కుట్టు దాకా, ముందువైపు రెండు అంగుళాలు, వెనకవైపు నాలుగు అంగుళాలు దిగేలా విడి ముక్క పైనుంచి వేసి కుట్టించండి. దాని కింద వీపు ఒక్క పొరే ఉండాలి. ఆ ముక్క కూడా అదే గుడ్డ. కొందరు గట్టిగా ఉంటుందని లోపల టెర్రీకాటన్ లైనింగ్ వేస్తారు. రెండు గుడ్డలు రెండు రకాలుగా కుదించుకుని ఉతికాక ముడతలు పడి భుజాన్ని ఒరుస్తాయి.

లూజు సంగతి చూడండి. ఛాతీ కొలత 38 ఉంటే చొక్కా 44 ఉండాలి. ఆఫీసు చొక్కాకు నాలుగు అంగుళాల లూజు చాలు, బరువెత్తేవాళ్లకు ఆరు. చేతులు ఊపినప్పుడల్లా చొక్కా లోపలి గాలి కొలిమితిత్తిలా కిందనుంచి వచ్చి మెడ దగ్గర బయటికి పోవాలి. చొక్కా ఒంటికి అంటుకుంటే ఆ గాలి లేదు, మీరు ఎంత మంచి గుడ్డ కొన్నా అంతే. వీపు మధ్యలో రెండు అంగుళాల బాక్స్ ప్లీటు (రెండువైపులా మడిచిన మడత), పక్కలకు మూడేసి అంగుళాల చీలిక, చంకలో మూడు అంగుళాల చదరపు ముక్క కోణంగా కలపాలి. ఆ ముక్క ఉంటే చేయి పైకెత్తినా చంక కుట్టు ఊడదు. కాలరు లోపల బిగువు కోసం వేసే బక్రం గుడ్డ మందంది వద్దు, పలుచటిది చాలు. జేబు ఒకటే.

గుడ్డ లెక్క: 58 అంగుళాల పన్నాకు హాఫ్ చేతుల చొక్కాకు ఒకటిన్నర మీటరు. ఈ లూజుకూ భుజం ముక్కలకూ అంతకు తగ్గితే కుదరదు. 84 చొక్కాలకు 126 మీటర్లు. కోయకముందు తాను మొత్తం రాత్రంతా నానబెట్టి ఆరేసి ఇస్త్రీ చేయించండి. ఎంత కుదించుకుంటుందో ముందే తెలియాలంటే శాంపిల్ మీద పెన్నుతో 50 సెంటీమీటర్ల చదరం గీసి, ఉతికి ఆరేసి కొలవండి. 48కి వచ్చిందంటే నాలుగు శాతం. 28 అంగుళాల చొక్కా అంగుళం పైనే పొట్టి అవుతుంది, ఛాతీలో మీరు కష్టపడి పెట్టిన లూజులో అంగుళమున్నర పైగా పోతుంది.

ఇంట్లో ఆడవాళ్ల బట్టల్లోనూ ఇదే తప్పు రోజూ చూస్తుంటాం. పైన మంచి కాటన్ డ్రెస్సు తీసుకుని లోపల పాలిస్టర్ క్రేప్ లైనింగ్ వేయిస్తారు, నూలు చీర కింద శాటిన్ లంగా కడతారు. ఒంటికి తగిలేది లోపలిదే. లైనింగ్‌కు మల్‌మల్ గానీ కేంబ్రిక్ గానీ అడగండి.

ఉతుకు_లెక్కలు

ఉతకడం గురించి ఎవరూ రాయలేదు కాబట్టి నా వంతు.

మంచి గుడ్డను పాడుచేసేవాటిలో మొదటిది మెత్తదనం కోసం, వాసన కోసం చివర్లో వేసే ఫ్యాబ్రిక్ కండిషనర్. అది పోగు మీద జిడ్డు పొర వేస్తుంది. కాటన్ పీల్చుకోవడం తగ్గుతుంది, డ్రై ఫిట్ చెమటను పరచడం మానేస్తుంది. పని చొక్కాలకు, తువ్వాళ్లకు, సాక్సులకు అసలు వాడకూడదు. రెండోది గంజి. సందుల్లో పొరకట్టి గాలి ఆపుతుంది, చెమటకు తడిసి జిగురవుతుంది. గుమస్తాల చొక్కాలకు గంజి పెట్టాలనిపిస్తే కాలరుకు మాత్రమే పెట్టండి.

మూడోది బోరు నీళ్లు. ఉప్పు, సున్నం ఎక్కువున్న నీళ్లలో బట్టల సబ్బు నురగ రాదు, తెల్లటి మడ్డిగా విరిగిపోయి గుడ్డకు పడుతుంది. నల్ల చొక్కా మీద బూడిదలా కనబడేది అదే. ఆ నీళ్లకు సబ్బు బిళ్ల మాని డిటర్జెంట్ పొడి వాడాలి. ఇప్పటికే గట్టిపడ్డ కాటన్ గుడ్డను బకెట్ వేడినీళ్లలో రెండు చెంచాల వాషింగ్ సోడా కలిపి గంట నానబెట్టి, మంచినీళ్లలో రెండుసార్లు జాడిస్తే చాలావరకు తేరుకుంటుంది. రంగు దిగుతుందేమో ముందు మూల మీద చూడండి.

పని దిగగానే చొక్కాను మామూలు నీళ్లలో జాడించి ఆరేయమని చెప్పండి, సబ్బు కూడా అక్కర్లేదు. చెమట ఉప్పు ఎండిపోతే గుడ్డ అట్టలా అవుతుంది, మర్నాడు చంకలో ఒరుసుకుంటుంది. తడి చొక్కాను కవర్లో మూటకట్టి ఇంటికి తీసుకెళ్తే ఏ గుడ్డయినా కంపు కొడుతుంది.

అసలు మాట ఇది. రామగుండం_ఎండ గారు చెప్పినట్టు తడిసిన కాటన్ మీ గాలిలో ఆరదు. దానికి మందు గుడ్డ మార్చడం కాదు, చొక్కా మార్చడం. భోజనం బెల్లు కొట్టగానే తడి చొక్కా తీసి పొడిది వేసుకునే ఏర్పాటు చేయండి, షెడ్డు బయట ఒక దండెం కట్టించండి. అప్పుడు రోజుకు రెండు చొక్కాలు కావాలి. ఉతికినవి ఆరడానికి ఒక రోజు. మూడుతో సరిపోదు, హమాలీలకు నాలుగు ఉండాలి.

రామగుండం_ఎండ

మధ్యాహ్నం చొక్కా మార్చే ఏర్పాటు ఉంటే నా డ్రై ఫిట్ సలహా వెనక్కి తీసుకుంటాను. నేను లెక్కేసింది ఒకే చొక్కాతో ఎనిమిది గంటలు. కొక్కెం సంగతి కూడా నాకు తట్టలేదు.

గోడౌన్_కాకినాడ

యజమాని గారు వీపు ప్రింటు వదులుకున్నారు, జేబు మీద కుట్టుపనికి ఒప్పుకున్నారు. హమాలీలకు నాలుగు చొప్పున 96, గుమస్తాలకు 12. మొత్తం 108 చొక్కాలు, 162 మీటర్లు.

ఈ మధ్యలో 40 బై 40, 92 బై 80 "100 శాతం కాటన్" అని కొత్త శాంపిల్ ఒకటి వచ్చింది. ఊదితే గాలి బాగా పోతోంది. రెండుసార్లు ఉతికాక కూడా చుక్క నెమ్మదిగానే ఇంకుతోంది. అంచునుంచి దారం లాగి కాలిస్తే కాగితంలా మండి మెత్తటి బూడిద అయింది. కాటనే అనుకోవచ్చా?

పడుగూపేకా

ఏ వైపు దారం లాగారు? పడుగు ఒకటి, పేక ఒకటి విడివిడిగా తీసి పళ్లెంలో పట్టకారుతో పట్టి కాల్చండి. కాటన్ అయితే రెండూ కాగితం వాసనతో కాలి, బూడిద వేలితో నలిపితే పొడి అవుతుంది. పాలిస్టర్ అయితే మంట దగ్గరికి తేగానే ముడుచుకుని, నల్లపొగతో కరిగి, చల్లారాక గట్టి పూస మిగులుతుంది. ఆ పూస నలగదు. రెండూ కలిపి వడికిన దారమైతే కొంత బూడిద, మధ్యలో గరగర తగిలే గింజలు. వేడి పూసను వెంటనే ముట్టుకోకండి, అంటుకుని కాలుస్తుంది.

విస్కోస్ కూడా కాటన్‌లాగే కాలుతుంది కాబట్టి మంట దాన్ని పట్టివ్వదు. దానికి తడి పరీక్ష ఉంది. దారాన్ని నీళ్లలో తడిపి లాగండి. కాటన్ తడిస్తే బలం పెరుగుతుంది, విస్కోస్ పుటుక్కున తెగుతుంది.

గోడౌన్_కాకినాడ

మొదట లాగింది పేక. ఇప్పుడు పడుగు కాల్చాను. నల్లపొగ, గట్టి పూస. పేక మాత్రం మళ్లీ బూడిదే. తడిపి లాగినా పేక తెగలేదు.

పడుగూపేకా

పడుగు పాలిస్టర్, పేక కాటన్. మగ్గం మీద పడుగు తెగకుండా నడుస్తుందని అలా నేస్తారు. గుడ్డగా అది చెడ్డది కాదు, 100 శాతం కాటన్ అని అమ్మడమే తప్పు. తిప్పి పంపండి. బెడ్‌షీట్లలో "గ్లేస్ కాటన్" అనే పేరుతో అమ్మేది కూడా ఎక్కువగా పాలిస్టరే. శాటిన్, జార్జెట్, క్రేప్ అన్నవి గుడ్డ రకం పేర్లు, పోగు పేర్లు కావు, అవి పట్టుతోనూ నేస్తారు పాలిస్టర్‌తోనూ నేస్తారు. బిల్లు మీద పోగు పేరు, శాతం రాయించుకోవాలి.

ఆర్డరు కాగితం మీద ఇలా రాయండి: పడుగు, పేక రెండూ 100 శాతం కాటన్. 40 బై 40, 92 బై 80, అంగుళానికి మూడు దారాల తేడా వరకు సరే. 105 జీఎస్ఎం, అటూ ఇటూ ఐదు. ఉతికాక కుదింపు మూడు శాతానికి మించకూడదు. సిలికాన్ ఫినిషింగ్ వద్దు.

సరుకు దిగాక ప్రతి తానునుంచి అరమీటరు పొడవు, అరమీటరు వెడల్పు ముక్క కోసి వంటింటి కాటా మీద పెట్టండి. వచ్చిన గ్రాములను నాలుగుతో గుణిస్తే జీఎస్ఎం. 25 నుంచి 27 గ్రాములు రావాలి, 31 వచ్చిందంటే మీకు మళ్లీ పాప్లినే పంపారు. అంగుళం గీసి సూదితో ఒక్కో దారం పక్కకు జరుపుతూ లెక్కపెట్టండి, రెండువైపులా.

కత్తెర_గుంటూరు

108 ఒకేసారి కోయించవద్దు. ముందు పది మీటర్లు తెప్పించి ఆరు కుట్టించండి: బాగా చెమటపట్టే ముగ్గురికి రెండేసి. పదిహేను రోజులు రోజూ వేయించి, రోజూ ఉతికించి తీసుకుని చూడండి. చంక ముక్క నాలుగు మూలల్లో కుట్టు ఊడిందా, భుజం ముక్క అంచు మెడకు గీసుకుంటోందా, ప్లీటు మొదలైన చోట గుడ్డ లాగుతోందా. ఆ మూడు సరిచేసుకున్నాకే తాను మీద కత్తెర పెట్టించండి.